రోగి వాడే మాట

భాద్రపద బహుళ షష్ఠి

ఇవాళ పద్దెనిమిదో తొట్టిలోకి కొత్త చెయ్యి వచ్చింది. కుడి చెయ్యి, మణికట్టుకి రెండు వేళ్ళ పైన తెగింది. బరువులు లాగే వించి తాడు చేసిన పని. మంచులో పెట్టి బాగానే పంపారు, గంటన్నరలో నా దగ్గరికి చేరింది. నీళ్ళు పట్టి, నరాల పోగులు తగిలించి, వేడి సరిచూసి, గోళ్ళల్లో ఇరుక్కున్న గ్రీజు తీసేసరికి భోజనం వేళ దాటిపోయింది.

చెయ్యి ఎంత వేడిలో ఉంది, ఎంత కదిలింది అన్నవి యంత్రం రాసుకుంటుంది. అది రాసుకోనివి రాయడానికి ఈ పుస్తకం. నేను తిథులు వేసి రాస్తున్నానని డాక్టర్ సుహాసిని గారు నవ్వుతారు. ఆవిడ నేల మీద నుంచి వచ్చిన మనిషి. మేముండేది సముద్రం మీద తేలే ఊళ్ళో. పేరు గట్టు, కనుచూపు మేరలో గట్టన్నదే లేదు. సముద్రం చంద్రుణ్ణి చూసి లేస్తుంది, చంద్రుణ్ణి చూసి పడుకుంటుంది. తేదీలతో మాకేం పని?

చేతిగలాయన పేరు దాలినాయుడు. నలభై ఏళ్ళుంటాయి. జ్వరం మీద ఉన్నా ఫారం నింపక తప్పదు, పక్కన కూచుని నింపాను. ఫారంలో రెండు గళ్ళుంటాయి. మొదటిది వైద్యులు వాడే మాట. అది అందరికీ ఒకటే, ఒంటికి మిగిలినదాన్ని శేషం అనాలి, మళ్ళీ కలిపేదాకా తొట్టిలో బతికించి ఉంచేదాన్ని దూరభాగం అనాలి. రెండోది రోగి వాడే మాట. అది వాళ్ళనే అడిగి రాయాలి.

ఈ రెండో గడి అంటే డాక్టరమ్మకి గిట్టదు. "మనిషి పేరు పెట్టుకుంటే మనిషి పోయినంత ఏడుస్తారు, సిస్టర్. దూరభాగం అంటే ఎవరూ ఏడవరు" అంటారు. నిజమే. దూరభాగం అంటే ఎవరూ పలకరు కూడా.

మా వార్డులో ఒకాయన తన పాదాన్ని 'ఊరెళ్ళినోడు' అంటాడు. వంటగది అప్పలకొండ తన రెండు వేళ్ళనీ 'కవలలు' అంటుంది. ఏ పేరైనా పెట్టుకోవచ్చు గానీ 'పోయింది' అన్న మాట మాత్రం వార్డులో ఎవరూ అనకూడదు. చూడ్డానికొచ్చిన చుట్టాలు నోరు జారితే మంచాలన్నీ ఒక్కసారి వాళ్ళకేసి తిరుగుతాయి. 'అక్కడుంది' అనాలి.

దాలినాయుడిని అడిగితే కళ్ళు మూసుకునే చెప్పాడు.

"ఆడు పెద్దోడు, సిస్టరమ్మా. ఇదిగో ఈ కట్టులో ఉన్నోడు తమ్ముడు. ఇంకా సిన్నపిల్లోడు, ఏడుస్తన్నాడు."

నాకు రెండు చేతులూ ఉన్నాయి. వాటిని నేనేమీ అనను. ఉన్న చేతికి పేరెందుకు?

ఆశ్వయుజ శుద్ధ దశమి

బుధవారం, గోళ్ళు తీసే రోజు. తొట్టిలో ఉన్నా గోళ్ళు పెరుగుతాయి. మంగళ, శుక్రవారాల్లో తీయనని నేను మొదట్లోనే చెప్పేశాను. డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసి ఊరుకున్నారు.

దాలినాయుడు రోజూ పొద్దున్నే నిలవగదికి వస్తున్నాడు. తొట్టి పక్కనున్న ఇత్తడి గొట్టానికి నోరు ఆనించి మూడు నిమిషాలు తన చెయ్యితో మాట్లాడాలి. దాన్ని పలకరింపు అంటాం. పలకరింపు లేని చెయ్యి బతకదు. నేను రాకముందు, తొలిరోజుల్లో గొంతు రికార్డు చేసి వినిపించారు. నాలుగు చేతులు నల్లబడ్డాయి. మనిషి గొంతుకీ యంత్రం గొంతుకీ తేడా ఏమిటో డాక్టర్లకి తెలియలేదు, చేతులకి తెలిసింది. వరసగా మూడు పొద్దులు మనిషి రాకపోతే ఎర్ర టిక్కు పెట్టాలి. ఎర్ర టిక్కు పడితే తొట్టి ఖాళీ చేస్తారు. టిక్కులు పెట్టేది నేనే.

ఇవాళ గొట్టంలో ఆయన మాట్లాడుతుంటే విన్నాను. వినకూడదు, కానీ గది చిన్నది.

"ఏరా పెద్దోడా, ఒగ్గీరా అన్నాను గదరా. తాడు ఒగ్గీరా అని అరిసినాను గదా. ఎందుకొగ్గనేదు?"

తాడెందుకు వదల్లేదన్న ఆ ఒక్కమాటే మూడు నిమిషాలూ తిప్పి తిప్పి అడిగాడు. వెళ్తూ నాకేసి చూడలేదు.

మార్గశిర బహుళ పంచమి

మూడు పొద్దులైంది, దాలినాయుడు రాలేదు. చిటికెన వేలి కొన నీలం తిరిగింది.

టిక్కుల పుస్తకం మూసేసి మూడో అంతస్తులో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య సన్నెమ్మ చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి పీట వేసింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎడం చేత్తో తమ్ముడి మీద గుడ్డ కప్పుకున్నాడు.

"ఆ సచ్చినోడితో నానేటి మాటాడతాను? నా మాట ఇననోడు నాకొద్దు. పారీసుకోండి."

"బాబూ, ఇంకో నాలుగు నెలలు. తరవాత కలిపేస్తారు" అన్నాను.

"కలిపితే మాత్రం? మల్లీ నాను ఒగ్గమంటే ఒగ్గుతాడేటి?"

సన్నెమ్మ నాతో గుమ్మం దాకా వచ్చింది, నన్ను అక్క వరస పెట్టి పిలుస్తుంది. "నూకాలప్పా, కోపం తగ్గితే ఒస్తాడు. నువ్వే ఎలగోలాగ సూడప్పా" అంది.

ఎలాగోలాగ చూడమంటే ఏం చూడను? తిరిగొచ్చి తొట్టి ముందు నిలబడ్డాను. నా చేతికింద ఇంతవరకూ ఒక్కటీ నల్లబడలేదు. ఆ గర్వం ఒకటుంది నాకు, దాచుకోవడం దేనికి. దానికితోడు ఆ చిటికెన వేలిని అలా వదిలెయ్యలేకపోయాను. గొట్టానికి నోరు ఆనించి, "పెద్దోడా" అన్నాను.

ఏమవుతుంది, పరాయి గొంతు పనికిరాదు అనుకున్నాను. సాయంత్రానికి వేలు ఎర్రబడింది. పుస్తకంలో దాలినాయుడి పేరు ఎదురుగా ఆకుపచ్చ టిక్కు పెట్టాను.

పుష్య శుద్ధ ఏకాదశి

ఆయన కోపం తగ్గలేదు. నా టిక్కులు ఆగలేదు.

మొదట్లో ఏం మాట్లాడాలో తోచేది కాదు. మూడు నిమిషాలు చాలా ఎక్కువ. 'పెద్దోడా, బాగున్నావా, ఇవాళ పోటు ఎక్కువగా ఉంది' అనేదాన్ని. తరవాత్తరవాత కూర ఏం వండానో, నడవలో ఎవరు జారిపడ్డారో, అప్పలకొండ నన్ను ఏమందో, నేనేమన్నానో చెప్పడం మొదలుపెట్టాను. మా ఆయన పోయి పదేళ్ళు. పగలంతా వార్డులో వాగుతూనే ఉంటాను గానీ, అదంతా మందు వేసుకున్నావా, దొడ్డికెళ్ళావా వరకే. నేను చెప్పేది చివరిదాకా విన్నవాళ్ళు పదేళ్ళలో ఎవరూ లేరు.

ఇవాళ నా చెప్పుల చప్పుడుకే బొటనవేలు లేచింది. ఇంకా గొట్టం ముట్టుకోలేదు.

మాఘ బహుళ విదియ

గది ఊడుస్తూ చూశాను. నేను ఏ మూలకి వెళ్తే అరచెయ్యి ఆ మూలకి తిరుగుతోంది. నీళ్ళ కదలికేమో అని గోడవారగా వంగి, చీపురు ఆపి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. నెమ్మదిగా అటే తిరిగింది.

భయం వేసింది. వేసిందని రాసుకుంటున్నాను. మరుక్షణం, చెప్పడానికి సిగ్గుగా ఉంది, సంతోషం కూడా వేసింది.

నా పెళ్ళయిన కొత్త ఆషాఢం గురించి ఇవాళ దానికి చెప్పాను. అత్తవారింట్లో నాకు నోరు పెగిలేది కాదు. ఆషాఢ పాడ్యమినాడు అమ్మ తీసుకెళ్ళడానికి వస్తానంది. ఆ రోజు తెల్లారినప్పటి నుంచి ముద్ద ముట్టకుండా వీధి తలుపు గడియ పట్టుకుని నిలబడ్డాను. ఎవరేమన్నా వదల్లేదు. సందు మలుపులో అమ్మ గొంతు వినపడ్డాకే వదిలాను. ఇది మా ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

చెప్పడం అయిపోయేసరికి తొట్టిలో నాలుగు వేళ్ళూ ముడుచుకుని ఉన్నాయి, దేన్నో పట్టుకున్నట్టు.

ఫాల్గుణ బహుళ సప్తమి

డాక్టర్ సుహాసిని గారు కొలతలు చూసి మురిసిపోయారు. "ఈ గట్టు మీద ఇంత బలమైన దూరభాగం ఇంకోటి లేదు, సిస్టర్. నరాలు ఎంత చురుగ్గా ఉన్నాయో చూశారా? రోగి బాగా కష్టపడుతున్నట్టున్నాడు" అన్నారు.

"వస్తున్నాడండీ" అన్నాను.

నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. నిజం చెప్పడానికి అదే సమయం. చెబితే తొట్టి ఖాళీ చేస్తారేమోనని భయపడ్డాను. దాలినాయుడి కోసం భయపడ్డానా, నా కోసమా అంటే చెప్పలేను. చైత్ర శుద్ధ ద్వాదశికి కలపడానికి ముహూర్తం పెట్టారు. ముహూర్తం అన్నది నా మాట, ఆవిడ షెడ్యూల్ అన్నారు.

సన్నెమ్మ ఏం చెప్పి ఒప్పించిందో, ఆయన సరే అన్నాడు. తాడు ముడి వెయ్యలేని మగాడికి గట్టు మీద బతుకేముంది? వించి పని పోతే కుటుంబాన్ని నేల మీదికి పంపేస్తారు. నేల మీద వాళ్ళకెవరూ లేరు.

చైత్ర శుద్ధ ద్వాదశి

కలిపారు. ఆరు గంటలు పట్టింది. రక్తం సాఫీగా పారుతోంది, వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. వార్డంతా పండగలా ఉంది. "పెద్దోడు ఇంటికొచ్చినాడు" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఊరెళ్ళినోడి యజమాని నా దగ్గరికొచ్చి, తనవాడు ఎప్పుడొస్తాడని అడిగాడు.

తొట్టి కడిగి బోర్లించాను. గది బోసిగా ఉంది.

చైత్ర బహుళ చవితి

చెయ్యి బతికే ఉంది, కానీ ఆయన చెప్పినట్టు వినడం లేదు.

వేలు ముడవమంటే ముడవదు. గ్లాసు పట్టించి వదిలితే జారిపడుతుంది. డాక్టరమ్మ నరాలన్నీ పరీక్ష చేశారు, అంతా సవ్యంగా ఉంది. ఇరవై ఒక్క రోజుల్లో చెయ్యి మనిషి మాట వినకపోతే మళ్ళీ తీసేయాలి, లేకపోతే ఒంటికే ముప్పు. రెండోసారి తీసిన దాన్ని నిలవ చెయ్యరు. గడువు వైశాఖ శుద్ధ తదియ.

"నా పక్కన ఎవురో పడుకున్నట్టుంటాది, సిస్టరమ్మా" అన్నాడు దాలినాయుడు. "నిద్దట్లో నాను ఇటు తిరిగితే ఆడు అటు తిరుగుతాడు. దుప్పటి కింద సడీసప్పుడూ నేకుండా తడుముకుంటాడు. ఎవురినో ఎతుకుతున్నాడు."

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. ఒక్క మాట పూర్తికాకుండానే ఆ అరచెయ్యి పక్క మీద మెల్లగా నాకేసి తిరిగింది. ఆయన దాన్ని చూశాడు, తరవాత నన్ను చూశాడు. థర్మామీటరు మరిచిపోయానని చెప్పి బయటికి వచ్చేశాను.

సాయంత్రం ఆయన్ని నడిపించారు. నడవ చివరిదాకా ఆయన ముందుకి నడిచాడు, అరచెయ్యి మాత్రం వెనక్కి తిరిగి ఉంది. నేను వెనకాల నిలబడి ఉన్నాను.

చైత్ర బహుళ ద్వాదశి

సన్నెమ్మకి తెలిసిపోయింది. ఆడదాని కళ్ళు.

"అప్పా, నువ్వొచ్చీ ముందే ఈడు తలుపేపు తిరుగుతన్నాడు. నువ్వు మాటాడితే నిమ్మళిస్తన్నాడు. నువ్వోపాలి సెప్పి సూడు."

"ఏం చెప్పను?"

"ఏదోటి."

చెంబు ఆయన పక్కనే ఉంది. "చెంబు పట్టుకో" అన్నాను, చాలా చిన్నగా.

చెయ్యి లేచింది. చెంబు మెడ పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా ఎత్తి, నాకు అందించింది. దాలినాయుడు నోరు తెరుచుకుని తన భుజం తననే లాక్కుపోతుంటే చూస్తూ ఉండిపోయాడు. నేను చెంబు అందుకోలేదు. అది అలాగే పట్టుకుని ఎదురుచూసింది.

చైత్ర బహుళ అమావాస్య

ఇవాళ చెప్పేశాను. ముందు డాక్టరమ్మకి, తరవాత ఆవిడ ఎదుటే ఆ ఇద్దరికీ.

"ఎన్నాళ్ళు?" అన్నారు డాక్టర్ సుహాసిని గారు.

"నూట పది రోజుల పైన."

"అన్ని రోజులూ తప్పుడు టిక్కులు పెట్టారా?"

"పెట్టానండీ."

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. బల్లమీద చేతులు రెండూ ఆనించి వాటిని చూసుకుంటూ కూచున్నారు. "దీనికి మా దగ్గర మాట లేదు, సిస్టర్. ఇలా జరగొచ్చని ఎవరూ అనుకోలేదు. నేను ఫారంలో ఏం రాయాలి?" అన్నారు.

దాలినాయుడు తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"నాను ఒగ్గీసినాను. ఆవిడ సాకినాది. ఎవురు సాకితే ఆల బిడ్డే అవుతాది మరి" అన్నాడు. అని, ఎడం చేత్తో మొహం కప్పుకున్నాడు. నా ఏడుపు ఆపుకోలేకపోయాను. నేను ఏడుస్తున్నంతసేపూ ఆ కుడి చెయ్యి పక్కమీద నాకేసి పాకుతూనే ఉంది, సన్నెమ్మ దాన్ని పట్టుకుని ఆపుతూనే ఉంది.

దారి చెప్పింది కూడా సన్నెమ్మే.

"సాకినామె దగ్గర్నించి మా ఇంటికి ఒచ్చినాది. మరి అప్పగింతలు జరిగినాయేటి? నేదు గదా. అప్పగించని పిల్ల అత్తారింట ఎలగుంటాది?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాదంటారనుకున్నాను. "మూడు రోజులుంది. నా దగ్గర ఇంకో మందు లేదు. చెయ్యండి" అన్నారు.

వైశాఖ శుద్ధ తదియ

గట్టు మీద ఆవులెక్కడివి? పాలపొడి కలిపాం. తాగే తియ్యనీళ్ళు తలా చెంబెడే ఇస్తారు, సన్నెమ్మ వాళ్ళింటి వాటా తెచ్చింది. స్టీలు పళ్ళెంలో పోసి మంచం మీద పెట్టాం. వార్డువాళ్ళని బయటికి పంపిద్దామంటే ఎవరూ కదల్లేదు. అప్పలకొండ మిగిలిన వేళ్ళతో పసుపు తెచ్చి పళ్ళెం అంచున రాసింది.

నా చేతులతో ఆ చేతిని పట్టుకుని పాలలో ముంచాను. వెచ్చగా ఉంది. గోళ్ళు పెరిగి ఉన్నాయి, ఈసారి నేను తియ్యలేదు. నూట పది రోజులు, గోళ్ళు తీసే కాసేపు తప్ప, గాజు అవతలే చూశాను. ఇంతసేపు పట్టుకోవడం ఇదే మొదలు. ఏం చెప్పాలో ముందే అనుకుని వచ్చాను, అన్నీ మరిచిపోయాను.

"ఇన్నాళ్ళూ నా మాట విన్నావు, తల్లీ. ఇకమీదట వీళ్ళ మాట విను. ఆయన లేవమంటే లే. వదలమంటే వదులు. నేను నిన్ను పిలవను, నువ్వు నాకోసం వెతక్కు."

ఇన్నాళ్ళూ పెద్దోడా అని పిలిచి అప్పుడు తల్లీ అని ఎందుకన్నానో తెలియదు. పాలలోనే అది తిరగబడి నా మణికట్టు పట్టుకుంది. పాలు పొర్లి పక్కమీద పడ్డాయి. నేను చెయ్యి లాక్కోబోతే ఇంకా బిగించింది. నొప్పి పుట్టింది. ఎముక నలుగుతుందేమో అనిపించింది.

"ఒగ్గీ" అన్నాడు దాలినాయుడు.

వదల్లేదు.

"ఒగ్గీరా అంటన్నాను."

ఇంకా బిగిసింది. డాక్టరమ్మ మత్తు సూది చేతిలోకి తీసుకున్నారు. అది గుచ్చితే పట్టు వదులుతుంది, దాంతో గడువూ అయిపోతుంది, సాయంత్రానికి కోత. దాలినాయుడు ఆ సూదిని చూశాడు. తలవంచి, నోరు ఆ చేతికి దగ్గరగా పెట్టాడు, గొట్టంలో మాట్లాడినట్టు. మార్గశిరం నుంచి ఆయన దానితో ఇలా మాట్లాడింది లేదు.

"ఇనుకో. ఆ రోజు నువ్వు తాడు ఒగ్గనేదని తిట్టినాను. తాడు నీకు సుట్టింది నానే. పని బేగీ అవుతాదని మణికట్టుకి రెండు సుట్లు ఏసినాను. సుట్టకూడదని అందరికీ తెల్సు, నాకూ తెల్సు. సుట్టీసి ఒగ్గమంటే నువ్వెలగొగ్గుతావు? తప్పు నీది కాదు. నాది. సన్నెమ్మకి కూడా సెప్పనేదు."

సన్నెమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. గట్టు కింద నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"ఇప్పుడు సుట్టు నేదు" అన్నాడు. "ఒగ్గీయమ్మా."

చిటికెన వేలు లేచింది. తరవాత ఉంగరం వేలు. ఒక్కొక్కటీ, చాలా ఇష్టం లేకుండా. బొటనవేలు అన్నిటికన్నా ఆఖర్న వదిలింది. సన్నెమ్మ ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని పైటతో తుడిచింది. "ముడుసు" అన్నాడాయన, ముడిచింది. "సాపు" అన్నాడు, సాచింది. నా మణికట్టు మీద ఐదు వేళ్ళ గుర్తులూ తేలాయి.

కొత్త ఫారం తెచ్చి డాక్టరమ్మే అడిగారు, రోగి వాడే మాట ఏమిటని.

"పెద్దోడు కాదు గదండీ ఇంక" అన్నాడు దాలినాయుడు. మొదటిసారి నవ్వాడు. "కోడలు అని రాసుకోండి."

జ్యేష్ఠ శుద్ధ పౌర్ణమి

ఆయన చెవిన, అంటే కోడలి చెవిన, నా గొంతు పడకూడదని డాక్టర్ గారి ఆజ్ఞ. శిక్ష అనలేదు గానీ నిలవగది తాళాలు తీసుకున్నారు. నేనిప్పుడు పై అంతస్తులో దుప్పట్లు ఉతికే చోట ఉన్నాను. ఇనుప నేల, గొంతు ఎంతదూరం పాకుతుందో చెప్పలేం. అందుకని పలక కొనుక్కున్నాను. నాలాంటి వాగుడుకాయకి పలక. అప్పలకొండ ఇది చూసి కడుపు పట్టుకుని నవ్వింది.

ఆయన వించి పనికి మళ్ళీ ఎక్కాడు. సన్నెమ్మ అప్పుడప్పుడు వచ్చి కబురు చెప్పి పోతుంది. ముడులు వేస్తోందట, వలలు అల్లుతోందట, అన్నం కలుపుతోందట. "సెప్పిన పని సేస్తాది అప్పా. కొత్త గదా, నిదానంగా సేస్తాది." డాక్టరమ్మ కూడా ఇవాళ మెట్ల దగ్గర కనపడి, "కోడలు బాగానే ఉంది, సిస్టర్" అన్నారు. అనేసి, తనేమన్నారో తెలిసి, గబగబా దిగి వెళ్ళిపోయారు.

నలభై రెండు రోజులుగా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. రాయడం వేరు, మాట్లాడటం వేరు. నాకు దిగులుగా ఉంది.

ఆషాఢ శుద్ధ పాడ్యమి

పొద్దున తొమ్మిదింటికి తలుపు చప్పుడైంది. తీస్తే దాలినాయుడు, వెనకాల సన్నెమ్మ. ఆయన కుడి చెయ్యి ఛాతీకి ఆనించుకుని, ఎడం చేత్తో పట్టుకుని ఉన్నాడు. నన్ను చూడగానే అది ఆ పట్టులోనే గింజుకుంది.

పలక తీసి 'వద్దు, వెళ్ళిపోండి' అని రాశాను.

"కోప్పడకప్పా" అంది సన్నెమ్మ. "తెల్లారినకాడ్నించి మా ఈది తలుపు గడియ అట్టుకుని నిలబడిపోనాది. ఈయన సెప్తే ఇన్నేదు, నాను బతిమాలితే ఇన్నేదు. ఈయన్ని కూడా ఆ తలుపుకాడే నిలబెట్టీసినాది. ముద్దెత్తమంటే ఎత్తనేదు. ఎందుకిలగ సేస్తందని నాను ఆలోసించి ఆలోసించి పంచాంగం సూసినాను. ఆషాడం గదప్పా. కొత్త కోడలు అత్తారింట ఉండకూడదు. పుట్టింటికి తీసుకెల్దామన్నాకే గడియ ఒగ్గినాది."

చేతిలో బలపం విరిగింది.

గడియ సంగతి వాళ్ళకి తెలియదు. అమ్మ పోయింది, మా ఆయన పోయాడు, ఆ సందు కూడా సముద్రంలో కలిసింది. ఆ సంగతి నేను మాఘమాసంలో ఒక్కసారి, ఒక ఇత్తడి గొట్టంలో చెప్పాను. చేతికి చెవులెక్కడివి, తెలివెక్కడిది? అది ఇంకా ఏమేం దాచుకుంది?

దాలినాయుడు నా పలక మీదికి వంగాడు. ఎడం చెయ్యి వదిలేశాడు. కోడలు ముందుకొచ్చి, 'వద్దు' అన్న మాటని అరచేత్తో తుడిచేసింది.

"నాను తుడవమన్నాను అప్పా. దాన్తప్పు కాదు" అన్నాడు. "ఓపాలి పలకరించు. మల్లీ నా మాట ఇనదేమోనని నీకు బయం. నాకు నేదు. పుట్టింటికెల్లిన పిల్ల తిరిగి రాదేటి?"

దాదాపు రెండు నెలలుగా మూతపడ్డ గొంతు. ముందు దగ్గొచ్చింది. తరవాత మాటొచ్చింది.

"వచ్చావా, తల్లీ. అన్నం తిన్నావా?"

నా మోకాలి మీదికి వచ్చి వెల్లకిలా పడుకుంది. వేళ్ళు విప్పుకుంది. తాడు పట్టీ పట్టీ అరచేతిలో కాయలు కాశాయి, తొట్టిలో ఉన్నప్పుడు మెత్తగా ఉండేది. గంటసేపు కబుర్లు చెప్పాను. పప్పన్నం కలిపి పెడితే ఆయన కుడిచేత్తోనే తిన్నాడు. నెల పొడుగునా రోజూ ఒకసారి తీసుకొస్తానని మాటిచ్చాడు. డాక్టరమ్మకి ఏం చెప్పాలో సన్నెమ్మ చూసుకుంటుందట.

"పద" అన్నాడు లేస్తూ. వెంటనే లేచింది. ఆయన నడవ చివరిదాకా వెళ్ళేవరకూ చూస్తూ నిలబడ్డాను. ఈసారి అరచెయ్యి వెనక్కి తిరగలేదు. బుద్ధిగా ఆయన పక్కన ఊగుతూ వెళ్ళిపోయింది. నా మాట పోలేదు, ఆయన చెయ్యీ పోలేదు. గుండె తేలికపడింది.

లోపలికొచ్చి గిన్నెలు సర్దుదామనుకున్నాను. కదలలేకపోయాను.

నా కుడి చెయ్యి తలుపు గడియ పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకుందో తెలియదు, నేను పట్టుకోలేదు. వదులు అన్నాను, మనసులో. వదల్లేదు. ఎడం చేత్తో వేళ్ళు విప్పడానికి చూశాను, బిగించింది. తలుపు పక్క గూట్లోంచి ఈ పుస్తకం అందుకుని ఇదంతా ఎడం చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి. రేపు పొద్దున్న వాళ్ళు వచ్చేదాకా ఇలాగే నిలబడాలేమో. దాన్ని ఏదో ఒకటి అని పిలవాలి. ఏమని పిలవాలో తెలియడం లేదు.